మసూదుర్ రహమాన్ బైద్య: రెండు కాళ్లు కోల్పోయినా ఇంగ్లిష్ చానెల్‌ను ఈదిన బెంగాలీ

పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర 24 పరగణాల జిల్లాకు చెందిన మసూదుర్ రహమాన్ బైద్య పదేళ్ల వయసులో గూడ్సు రైలు ప్రమాదానికి గురయ్యారు. ఆ ప్రమాదంలో ఆయన రెండు కాళ్లనూ మోకాళ్ల దిగువ నుంచి కోల్పోయారు. ఆ తరువాత రెండు దశాబ్దాలు తిరగకముందే ఆయన సముద్రాన్ని ఈదారు.

సుదూర ఈతలో మనిషిని ముందుకు నడిపించే బలం ప్రధానంగా చేతులదే. అయితే నడుము కిందికి దిగిపోకుండా, అలల తాకిడికి దేహం ఒరిగిపోకుండా నిలిపేవి కాళ్లు. అవి లేనివారు ఆ పనిని కూడా భుజాలతో, నడుముతో చేయవలసి ఉంటుంది. కొలనులో కొన్ని నిమిషాలపాటు అలా ఈదడం ఒక ఎత్తు, చల్లని సముద్రంలో గంటల తరబడి ఈదడం మరో ఎత్తు.

బెంగాల్‌కు ఈతలో ఘనమైన వారసత్వం ఉంది. ముర్షీదాబాద్ జిల్లాలో భాగీరథి నదిపై జరిగే 81 కిలోమీటర్ల పోటీ ప్రసిద్ధమైనది. కోల్‌కతాకు చెందిన న్యాయవాది మిహిర్ సేన్ 1958లోనూ, ఆరతి సాహా 1959లోనూ ఇంగ్లిష్ చానెల్‌ను దాటారు. 1997లో బైద్య వారి సరసన చేరారు.

ఇంగ్లండ్, ఫ్రాన్స్‌ల మధ్య చానెల్ అతి సన్నగా ఉన్న చోట కూడా వెడల్పు 33 కిలోమీటర్లకు పైమాటే. ప్రవాహాలు పక్కకు నెట్టడంతో ఈదవలసిన దూరం ఇంకా పెరుగుతుంది. ఈతగాడి వెంట పడవ ఉంటుంది, కానీ దాన్ని పట్టుకుంటే ఆ ప్రయత్నం చెల్లదు. ఆహారం సైతం నీటిలో తేలుతూనే తీసుకోవాలి.

2001లో బైద్య స్పెయిన్, మొరాకోల నడుమ ఉన్న జిబ్రాల్టర్ జలసంధిని కూడా ఈదారు. అట్లాంటిక్ మహాసముద్రం మధ్యధరాతో కలిసే ఆ చోట వెడల్పు తక్కువే అయినా ప్రవాహాల ఉద్ధృతి ఎక్కువ. రెండు కాళ్లూ కోల్పోయిన ఆసియా ఈతగాళ్లలో దాన్ని దాటిన తొలి వ్యక్తిగా ఆయన పేరు నిలిచింది.

చక్రాల కుర్చీ పరుగులోనైనా, పారాలింపిక్ ఈతలోనైనా క్రీడాకారులను వైకల్యాన్ని బట్టి వర్గీకరిస్తారు. పోటీ సమంగా ఉండాలంటే అది అవసరమే. చానెల్‌లో మాత్రం కాళ్లు ఉన్నవారికీ లేనివారికీ ఈదవలసిన దూరం ఒక్కటే. బైద్య ఎంచుకున్నది ఆ దారినే. అందువల్ల ఆయన విజయాన్ని జాలితో చూడవలసిన అవసరం లేకపోయింది. మిహిర్ సేన్ విజయాన్ని కొలిచిన కొలతతోనే దాన్నీ కొలవవచ్చు.

బైద్య 2015 ఏప్రిల్ 26న కోల్‌కతాలో, 46 ఏళ్ల వయసులో కన్నుమూశారు. మూడేళ్ల తరువాత, 2018లో, నలుగురు భారతీయ దివ్యాంగ ఈతగాళ్లు వంతులవారీగా ఈదుతూ ఇంగ్లిష్ చానెల్‌ను దాటారు. వారిలో ఒకరైన రిమో సాహా కూడా బెంగాల్‌కు చెందినవారే.