యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (జనవరి 12, 1895 – ఆగష్టు 1948) ప్రఖ్యాత తెలుగు వైద్య శాస్త్రజ్ఞుడు. ఫోలిక్ ఆమ్లము, మెథోట్రెక్సేట్, బోదకాలు మందు హెట్రజాన్ మొదలైనవి ఈయన నేతృత్వములో వెలువడినవి.

బాల్యము, విద్య

సుబ్బారావు ఇప్పటి పశ్చిమ గోదావరి జిల్లాలోని భీమవరములో జన్మించాడు. మూడవ ప్రయత్నములో మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణుడయ్యాడు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు దుస్తులు ధరించి ఆచార్యుని ఆగ్రహమునకు గురి అయినందున ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకొనవలసి వచ్చినది. సోదరుడు స్ప్రూ వ్యాధితో మరణించుట ఆయనను పరిశోధన వైపు మళ్ళించినది.

హార్వర్డులో పరిశోధనలు

1920వ దశకము ఆరంభములో అమెరికా చేరి, హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరమును కొలిచే పద్ధతిని రూపొందించాడు. 1927లో కండరములలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను వీరు వెల్లడించారు. ఈ పదార్థముపై పనిచేయు ఎంజైమే క్రియాటిన్ కైనేజ్.

కొలెస్టరాల్ తగ్గించు స్టాటిన్ మందులు వాడువారిలో కొందరికి ఎ.ఎల్.టి., ఎ.ఎస్.టి. అను కాలేయ ఎంజైములు స్వల్పముగా పెరుగును. ఇది తరచుగా తాత్కాలికము. తీవ్రమైన కాలేయ హాని అరుదు. ఎ.ఎస్.టి. కండరములలో కూడా ఉండును. కనుక కండరముల నొప్పి ఉన్నచో క్రియాటిన్ కైనేజ్ పరీక్ష చేసి, దోషము కండరములదా, కాలేయముదా అని వైద్యులు విచారించెదరు.

లెడర్లీలో

హార్వర్డులో శాశ్వత పదవి లభించక 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరాడు. ఆయన బృందము 1945 నాటికి ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసినది. ఆ ఆమ్లము స్ప్రూ రోగులకు ఉపకరించినది. సోదరునికి మాత్రము ఆ మందు అందలేదు. ఫోలిక్ ఆమ్లమునకు విరోధి అయిన అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ 1947లో రక్త క్యాన్సరు బాధిత బాలలకు వాడగా, తాత్కాలికముగానైనా వ్యాధి వెనుకకు తగ్గినది. దాని తరువాతి రూపమే మెథోట్రెక్సేట్.

ఈ మందు కూడా కాలేయ ఎంజైములను పెంచగలదు. అందువలన కీళ్ళవాతమునకు దీనిని వాడువారికి క్రమముగా రక్తపరీక్షలు చేసెదరు. ఈ దుష్ఫలితమును తగ్గించుటకు తోడుగా ఇచ్చునది ఫోలిక్ ఆమ్లమే. మందు, దాని విరుగుడు రెండును ఒకే ప్రయోగశాల నుండి వచ్చుట విశేషము.

మరణము, గుర్తింపు

1948 ఆగష్టులో సుబ్బారావు 53 ఏళ్ళ వయసులో నిద్రలోనే మరణించాడు. నోబెల్ బహుమతి ఆయనకు లభించలేదు. శతజయంతి సందర్భముగా 1995లో భారత ప్రభుత్వము ఆయన స్మారక తపాలాబిళ్ళను విడుదల చేసినది.