ఖైదీలో మనిషిని చూచిన ఆళ్వారుస్వామి

నల్లగొండ జిల్లా తెలంగాణమునకు ఇచ్చిన త్యాగధనులలో వట్టికోట ఆళ్వారుస్వామి ఒకరు. నకిరేకల్లు సమీపమున గల చెరువుమాదారములో 1915 నవంబరు 1న ఒక పేద కుటుంబములో ఆయన జన్మించారు. బాల్యముననే తండ్రి గతించగా, ఒక ఉపాధ్యాయునికి వండిపెట్టుచు అక్షరాలు దిద్దుకొన్నారు. పిదప విజయవాడలో హోటలు పనివానిగాను, హైదరాబాదులో గోలకొండ పత్రిక ప్రూఫులు దిద్దువానిగాను పొట్ట పోసుకొన్నారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకాలను స్వయముగా మోసుకొనిపోయి ఊరూర అమ్మి, చదువరులను తయారుచేశారు.

ఆ రోజులలో నిజాము రాజ్యమున నోరెత్తి మాటాడుటయే నేరము. మేళ్లచెరువు మొదలుకొని జనగామ వరకు అప్పటి నల్లగొండ జిల్లా పల్లెలలో దొరమాటకు పోలీసు లాఠీ తోడుండెడిది. ఠాణాకు పోయినవాని నేరమును విచారణకు ముందే దెబ్బలు నిర్ణయించెడివి. ఆంధ్రమహాసభలో పనిచేసిన ఆళ్వారుస్వామి 1942 ఉద్యమకాలములో జైలుకు వెళ్లారు. 1946 తరువాత 1951 వరకు ఆయన జీవితములో అధికభాగము జైళ్లలోనే గడిచినది. 1948 సెప్టెంబరులో నిజాము పాలన అంతమొందినది కాని, ఆయన సంకెళ్లు వెంటనే తెగలేదు. పాలకులు మారినంతమాత్రమున ఖైదుగది మారదని ఈ సంగతి చెప్పకనే చెప్పుచున్నది.

నిజామాబాదు జైలులో ఆయనకు దాశరథి సహచరులు. దాశరథి బొగ్గుతో గోడలపై పద్యాలు వ్రాసెడివారు. 1949లో వెలువడిన తమ తొలి కావ్యము అగ్నిధారను ఆయన ఆళ్వారుస్వామికే అంకితమిచ్చారు.

రాజకీయ ఖైదీలు తమ బాధలు వ్రాసుకొనుట సహజము. ఆళ్వారుస్వామి ప్రక్కగదిలోని దొంగను, హంతకుని కూడ చూచారు. వారిని నేరమునకు నెట్టిన పేదరికమును, అవమానమును 'జైలు లోపల' కథలలో చిత్రించారు. నేరము చేసినవాడును మనిషియే అను సత్యమే ఆ కథలకు ప్రాణము. 'ప్రజల మనిషి' నవలలో పల్లెపై దొరతనము సాగించిన దౌర్జన్యమును చూపారు. 'గంగు' నవల పూర్తికాకముందే 1961 ఫిబ్రవరి 5న కన్నుమూశారు.

ఎవరిని గూడ హింసించరాదని ఐక్యరాజ్యసమితి 1948 డిసెంబరు 10న చాటినది. హింసా నిషేధ ఒడంబడికపై భారతదేశము 1997లో సంతకము చేసినది. ధ్రువీకరణ మాత్రము నేటికిని జరుగలేదు. అరెస్టు సమయమున పాటింపవలసిన నియమాలను సుప్రీంకోర్టు 1996లో డి.కె. బసు తీర్పులో నిర్దేశించినది. ఆ నియమాలు ఠాణా గోడపై వ్రాసియుండుట చాలదు. లోపల నిలబడిన మనిషి మనవంటివాడే అని సమాజము నమ్మినప్పుడే అవి అతనిని కాపాడగలవు. ఆ నమ్మకమును పాఠకులలో కలిగించుటకే ఆళ్వారుస్వామి కలము పట్టారు.