డాక్టర్ కె.ఎల్.రావు: నీరే ఇంధనం

డీజిలు ధర పెరిగినప్పుడల్లా మన గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప రైతుకు ఆయిలింజను గుండెల మీద కుంపటే. అందుకే డాక్టర్ కానూరి లక్ష్మణరావుగారిని తలుచుకోవాలి.

1902లో కంకిపాడులో పుట్టారు. చిన్ననాడే తండ్రి పోయారు. బడిలో దెబ్బ తగిలి ఒక కంటి చూపూ పోయింది. ఐనా చదువు ఆపలేదు, బర్మింగ్‌హాంలో డాక్టరేటు దాకా వెళ్ళారు.

1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరు రూపకల్పనలో ఆయన పాత్ర ప్రధానమైంది. సిమెంటుకూ యంత్రాలకూ కటకటలాడే రోజులవి. రాతికట్టడమే మేలన్నారు, వేలమంది కూలీలకు పని దొరికింది. తర్వాత కేంద్రంలో నీటిపారుదల, విద్యుత్తు మంత్రిగా పనిచేశారు. సాగరు ప్రధాన విద్యుత్కేంద్రం సామర్థ్యం 815.6 మెగావాట్లు, బొగ్గూ అక్కర్లేదు, చమురూ అక్కర్లేదు. వానలు మొహం చాటేసిన ఏడు మాత్రం ఆ యంత్రాలూ మన రైతులాగే ఆకాశంవంక చూడాల్సిందే, అది వేరే సంగతి.

1986లో కన్నుమూశారు. పులిచింతల ప్రాజెక్టుకు ఆయన పేరే పెట్టారు.