రాయబారి ఈవో ఆండ్రిచ్

ఐరోపాఖండపు ఆగ్నేయభాగమున బోస్నియా యను కొండసీమ కలదు. అది నాలుగు శతాబ్దములు తురుష్క సుల్తానుల యేలుబడిలో నుండి, 1878లో ఆస్ట్రియా-హంగరీ పాలనలోనికి వచ్చెను. ముస్లిములు, ఆర్థడాక్సు క్రైస్తవులు, కాథలిక్కులు, యూదులు ఇరుగుపొరుగున మెలగుచు, ఒక్కొక్కప్పుడు కలహించుచు జీవించిన దేశమది. ఆ సీమలో పుట్టి, పలు దేశములందు రాయబారము నెరపి, తుదకు కథకుడుగా లోకప్రసిద్ధి గాంచినవాడు ఈవో ఆండ్రిచ్.

ఆండ్రిచ్ 1892 అక్టోబరు 9వ తేదీన ట్రావ్నిక్ పట్టణమునకు చేరువనున్న డోలాట్స్ గ్రామమున జన్మించెను. అతనికి రెండేండ్ల ప్రాయమున తండ్రి క్షయవ్యాధిచే కన్నుమూసెను. పేదరాలైన తల్లి బిడ్డను పోషింపజాలక, డ్రీనానది యొడ్డునున్న విషెగ్రాడ్ పట్టణమున మేనత్త యింట నుంచెను. ఆ పట్టణమున పదునొకండు కమానుల రాతివంతెన యొకటి కలదు. దానిని కట్టించినవాడు మెహమ్మద్ పాషా సొకొలోవిచ్. అతడు ఆ ప్రాంతపు క్రైస్తవ కుటుంబమున పుట్టి, బాల్యమున సుల్తాను కొలువునకు కొనిపోబడి, క్రమముగా ప్రధానామాత్యుడయ్యెను. తాను విడిచిపోయిన సీమను మరువక, 16వ శతాబ్దమున డ్రీనానదిపై ఆ వంతెనను నిర్మింపజేసెను. తల్లిని ఎడబాసిన మరియొక బాలుడు మూడు శతాబ్దముల పిమ్మట ఆ వంతెన నీడనే పెరిగెను. దానిని గూర్చి జనులు చెప్పుకొను గాథలన్నియు అతని మనస్సున నాటుకొనెను.

పై చదువునకై ఆండ్రిచ్ విద్యార్థివేతనముతో సారాయెవో నగరమునకు వెడలెను. గణితమున వెనుకబడి ఒక తరగతిని రెండుమారులు చదువవలసి వచ్చెను. భాషలు మాత్రము అతనికి సులభముగా పట్టువడెను. దక్షిణ స్లావు జాతులన్నియు పరపాలన వదలించుకొని ఏకము కావలెనని కోరిన విద్యార్థుల రహస్యసంఘమునకు అతడు 1911లో అధ్యక్షుడయ్యెను. అనంతరము జాగ్రెబ్, వియన్నా, క్రాకో విశ్వవిద్యాలయములలో చదివెను. 1914 జూన్ 28న గవ్రీలో ప్రిన్సిప్ అను యువకుడు సారాయెవోలో ఆస్ట్రియా యువరాజును కాల్చి చంపెను. ఆ యువకుల వర్గముతో ఆండ్రిచ్‌కు సంబంధము కలదు. ఈ వార్త విని అతడు క్రాకోనుండి స్వదేశమునకు మరలివచ్చెను. జూలై నెల ముగియకముందే స్ప్లిట్ నగరమున పోలీసులు అతనిని నిర్బంధించిరి. కొంతకాలము చెరసాలయందును, తరువాత పల్లెలలో కాపుదలయందును గడపి, 1917లో చక్రవర్తి క్షమాభిక్ష ప్రసాదింపగా విముక్తుడయ్యెను.

మరుసటి యేడు ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యము కూలెను. యౌవనమున అతడు కలగన్న దక్షిణ స్లావుల రాజ్యము ఏర్పడెను. అదియే తరువాత యుగొస్లావియా. చెరసాలనుండి వచ్చిన ఆండ్రిచ్ 1920లో ఆ రాజ్యపు విదేశాంగశాఖలో ఉద్యోగియయ్యెను. రోము, బుఖారెస్టు, ట్రియెస్టి నగరములలో పనిచేసి గ్రాజ్ చేరుసరికి ఒక చిక్కు వచ్చిపడెను. పట్టము లేనివారు ఆ యుద్యోగమునకు తగరని నిబంధన వచ్చెను. యుద్ధము వలన ఆండ్రిచ్ చదువు మధ్యలో నిలిచిపోయియుండెను. అతడు ఆ నగరపు విశ్వవిద్యాలయముననే చేరి, తురుష్కుల పాలనలో బోస్నియా సాంస్కృతికజీవనమును గూర్చి పరిశోధనవ్యాసము వ్రాసి, 1924లో డాక్టరు పట్టమును బడసెను. పిదప మార్సేలు, పారిస్, మాడ్రిడ్, బ్రస్సెల్స్, జినీవా నగరములలో కొలువు చేసెను. పారిస్ నగరమున తీరిక దొరకినపుడెల్ల, నెపోలియన్ కాలమున ట్రావ్నిక్‌లో నున్న ఫ్రెంచి కాన్సలు పంపిన లేఖలను చదివి వ్రాసికొనుచుండెను.

1937లో అతడు విదేశాంగమంత్రికి సహాయకుడయ్యెను. 1939 ఏప్రిలులో జర్మనీకి రాయబారిగా నియమితుడై బెర్లిను చేరెను. అది యుద్ధమేఘములు క్రమ్ముకొనిన కాలము. ఆ శరత్తున హిట్లరు సేనలు పోలండును ఆక్రమించి పండితులను చెరబట్టగా, ఆండ్రిచ్ వారిని విడిపింప ప్రయత్నించెను. 1941లో యుగొస్లావియాను తనతో చేర్చుకొనుటకు హిట్లరు ఒత్తిడి చేసెను. రాయబారియైన ఆండ్రిచ్‌ను ప్రక్కకు నెట్టి ఇరుప్రభుత్వములును మంతనములు సాగించెను. తన్ను తప్పింపుమని అతడు కోరిన కోరిక చెల్లలేదు. మార్చి 25న వియన్నాలో ఒప్పందము జరిగినపుడు అతడు ఆ సభలో ఉండక తప్పలేదు. ఈ సంగతి పలువురు అతనిపై దోషముగా మోపిరి. పదవిలో నున్నవానికి కొంత బాధ్యత లేదనుట కష్టమే.

రెండు దినములలో బెల్‌గ్రేడులో సైనికులు ప్రభుత్వమును కూలద్రోసిరి. ఏప్రిలు 6న జర్మను విమానములు ఆ నగరముపై బాంబులు కురిపించెను. ఆండ్రిచ్ కోరినచో స్విట్జర్లాండు పోవచ్చునని జర్మనులు తెలిపిరి. తన కార్యాలయ సిబ్బందిని విడిచి తానొక్కడు పోజాలనని అతడు నిరాకరించి, శత్రువశమైన బెల్‌గ్రేడునకే మరలివచ్చెను. అచట ఒక స్నేహితుని యింట గదిలో నివసించెను. పింఛను పుచ్చుకొనలేదు. ఆక్రమణదారులను సమర్థించు ప్రకటనపై చేవ్రాలు చేయలేదు. దేశము చెరలోనుండగా తన రచన యేదియు అచ్చుకాకూడదని పట్టుపట్టెను. ఇరువదియేండ్లు పరుల మాటలు మోసిన రాయబారి ఆ గదిలో తన మాటలు వ్రాయనారంభించెను. పారిసులో చేర్చుకొనిన లేఖలు ట్రావ్నిక్ కథయయ్యెను; బాల్యపు వంతెన మరియొక నవలయయ్యెను. ఈ రెండును, ఇంకొక నవలయును 1945లో వెలువడెను.

యుద్ధానంతరము ఆండ్రిచ్ రచయితల సంఘమునకు అధ్యక్షుడై, బోస్నియా శాసనసభలో సభ్యుడయ్యెను. 1961లో అతనికి నోబెల్ బహుమతి లభించెను. ఆ ధనమునంతయు అతడు బోస్నియా-హెర్జెగోవినాలోని గ్రంథాలయములకు పుస్తకములు కొనుటకై యిచ్చివేసెను. 1975 మార్చి 13న బెల్‌గ్రేడులో మరణించెను.

అతడు సేవించిన యుగొస్లావియా నేడు లేదు. 1991 మొదలుగా అది ఘోరయుద్ధములతో పలు రాజ్యములుగా విడిపోయెను. బోస్నియా, సెర్బియా, క్రొయేషియా దేశములలో ఆండ్రిచ్ తమవాడనువారు కలరు. అతని కథలలో తమజాతికి న్యాయము జరుగలేదని కోపించువారును కలరు. ఆ వాదము నేటికిని తీరలేదు.