డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు

1895 వ సంవత్సరము జనవరి 12 వ తేదీన భీమవరమునందు యల్లాప్రగడ సుబ్బారావు ఒక పేద కుటుంబమున జన్మించెను. బాల్యమున ఆయనకు చదువుపై శ్రద్ధ తక్కువ. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుసార్లు తప్పి, మూడవసారి ఉత్తీర్ణుడయ్యెను.

పిదప మద్రాసు వైద్య కళాశాలలో చేరెను. స్వదేశోద్యమ ప్రభావమున ఖద్దరు ధరించుట ఒక ఆంగ్లాచార్యునకు రుచింపలేదు. ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారుగా అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టమే ఆయనకు దక్కెను. ఆ కాలముననే స్ప్రూ అను గ్రహణి వ్యాధి ఆయన సోదరుల నిద్దరిని పొట్టన బెట్టుకొనెను. ఆ దుఃఖము ఆయన మనస్సునుండి తొలగలేదు.

1922 లో ఆయన అమెరికా చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కే అను ఆచార్యునితో పరిశోధన సాగించెను. భాస్వరమును రంగు గాఢతనుబట్టి కొలుచు పద్ధతిని వారు 1925 లో ప్రకటించిరి. ఆ పద్ధతియే కండరములలోని ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి. అను శక్తి పదార్థములను గుర్తించుటకు తోడ్పడెను.

1940 లో ఆయన లెడర్లీ పరిశోధనాలయమున చేరి ఫోలిక్ ఆమ్లముపై దృష్టి నిలిపెను. కాలేయమునందు అది లేశమాత్రముగా నుండును. ఏ భాగమున అది యున్నదో సూక్ష్మజీవుల పెరుగుదలనుబట్టి కనుగొనవలెను. దాని నిర్మాణమును రసాయన విశ్లేషణముచే తెలియవలెను. పిమ్మట దానిని కృత్రిమముగా తయారుచేసి సహజమైనదానితో పోల్చవలెను. ఎమ్మిగనూరు మగ్గముపై పడుగు, పేక కలిసినగాని వస్త్రము కానట్లే, ఈ పద్ధతులన్నియు కలిసినగాని సత్యము తేలదు. ఆయన నాయకత్వమున ఆ బృందము 1945 నాటికి ఈ కార్యమును సాధించెను. సోదరులు మరణించిన యిరువది యేండ్లకు పైగా గడచిన పిదప ఆ వ్యాధికి మందు దొరకెను.

ఫోలిక్ ఆమ్లమును స్వల్పముగా మార్చగా ఏర్పడిన అమినోప్టెరిన్ రక్త క్యాన్సరు సోకిన పిల్లలకు తాత్కాలికముగా నుపశమనము కలిగించెను. దాని తోబుట్టువగు మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది.

1948 ఆగస్టులో, తన 53 వ యేట, ఆయన న్యూయార్కునందు పరమపదించెను. మెథోట్రెక్సేటు ఎంజైములో నెట్లు ఇమిడియుండునో 1977 లో ఎక్స్-కిరణ స్ఫటిక పరీక్ష చూపెను. అది మానవ కణములోనికి ప్రవేశించు ద్వారమును 2022 లో అతిశీతల ఎలక్ట్రాను సూక్ష్మదర్శిని చూపెను. స్ఫటికముగా మారని ప్రోటీనులనుగూడ ఈ రెండవ సాధనము చూడగలదు. నేటి శాస్త్రజ్ఞులు ఒకదాని లోటును మరియొకదానితో పూరించుకొనుచున్నారు. పరీక్షలో రెండుసార్లు తప్పిన ఆ బాలుడు నడచిన మార్గము నదియే.