గాలిని పరీక్షించిన మహనీయుడు: జాన్ స్కాట్ హాల్డేను

చలికాలమున తలుపులు, కిటికీలు బిగించుకొని, గది నడుమ బొగ్గుల కుంపటి నుంచుకొని నిదురించిన కుటుంబము తెల్లవారి లేవలేదను వార్తను మనము పత్రికలలో ఇంచుమించు ఏటేట చదువుచుందుము. ఆ గదిలో నిప్పంటుకొనలేదు, పొగ కమ్మలేదు, ఎవరును కేక వేయలేదు. బొగ్గు గాని, కట్టె గాని, కిరసనాయిలు గాని, వంటగ్యాసు గాని తగినంత గాలి లేక అరకొరగా మండినపుడు కార్బన్ మోనాక్సైడు అను వాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. అది కంటిని మండించదు, దగ్గు తెప్పించదు. మన పంచేంద్రియములలో ఏదియు దానిని పసిగట్టజాలదు. అట్టి శత్రువు నడతను తన శరీరముపైననే పరీక్షించి లోకమునకు తెలిపిన జాన్ స్కాట్ హాల్డేను జీవితమును ఈ సంచికలో మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును తెలుపదలచితిమి.

హాల్డేను 1860వ సంవత్సరము మే నెల 2వ తేదీన స్కాట్లండు రాజధానియగు ఎడింబరో నగరమున జన్మించెను. వారిది కలిగిన కుటుంబము. అన్నగారు రిచర్డు రాజకీయములలో ప్రవేశించి ఇంగ్లండు ప్రభుత్వమున ఉన్నతపదవుల నధిష్ఠించెను. తమ్ముడు వైద్యశాస్త్రమభ్యసించి 1884లో పట్టము పొందెను. పట్టము చేత బట్టుకొని ధనికుల ఇండ్లకు నాడి చూడబోవుట ఆయనకు సులభమే. కాని ఆయన మనస్సు రోగమునకు మందిచ్చుటకంటె, రోగమెక్కడ పుట్టుచున్నదో వెదకుటపై నిలిచెను.

డండీ పట్టణమందలి కళాశాలలో పనిచేయుచు, కార్నెలీ అను రసాయనశాస్త్రజ్ఞునితో కలిసి ఆయన బీదల ఇండ్లకు రాత్రివేళ పోయెడివాడు. ఒకే గదిలో కుటుంబమంతయు నిదురించుచుండగా అచటి గాలిని సీసాలలో పట్టి తెచ్చి పరీక్షించెడివాడు. ఇండ్లతో ఆగక వారు పాఠశాలలను కూడ పరీక్షించిరి. 1887లో వారు ప్రకటించిన ఫలితములు చూచినవారు తలవంచుకొనవలసి వచ్చెను. యంత్రములతో గాలి నాడించు పాఠశాలలకంటె, కిటికీలు మూసి పిల్లలను కిక్కిరిసి కూర్చుండబెట్టిన పాఠశాలలలో గాలి మిక్కిలి చెడియుండెను. సూక్ష్మజీవుల లెక్కలో, అట్టి తరగతిగది గాలికంటె మురుగుకాలువ గాలియే మెరుగని వారి పరీక్షలు తెలిపెను. బడిపిల్లలు పీల్చుగాలిని గూర్చి పెద్దలు చింతింపవలెనని కొలతలతో చూపినవారిలో హాల్డేను మొదటివరుసవాడు.

పిమ్మట ఆయన ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయమునకు చేరెను. అచటనే కార్బన్ మోనాక్సైడుపై పరిశోధన సాగించెను. మన రక్తమందు హీమోగ్లోబిను అను ఎఱ్ఱని పదార్థము కలదు. ఊపిరితిత్తులలో ప్రాణవాయువును ఎక్కించుకొని శరీరమంతటికి మోసికొనిపోవుట దాని పని. కార్బన్ మోనాక్సైడు వచ్చినచో, ప్రాణవాయువుకంటె ఇన్నూరు రెట్లకు మించిన పట్టుతో ఆ హీమోగ్లోబినును పట్టుకొనును. బండి ఉన్నది, బండివాడున్నాడు. కాని ఎక్కవలసినవానికి చోటు లేదు. చుట్టును ప్రాణవాయువున్నను మనుష్యుడు దానికి దూరమై చచ్చును.

ఈ సంగతి ఎంతదూరము పోవునో తెలిసికొనుటకు హాల్డేను ఇతరులను పిలువలేదు. తానే కూర్చుండి, కొలిచి కలిపిన విషవాయువును పీల్చుచు, నడుమ నడుమ తన వ్రేలినుండి రక్తపుబొట్టు తీయించి పరీక్షించెను. ఒక పర్యాయము గంటకు పైగా పీల్చి, తన రక్తమున సుమారు సగము విషమునకు వశమగువరకు నిలిచెను. మోకాళ్ళు సడలెను, చూపు మసకబారెను, బుద్ధి మందగించెను. కాని ఊపిరాడని బాధ మాత్రము కలుగలేదు! ఈ విషముయొక్క మోసమంతయు ఇందే కలదని ఆయన గ్రహించెను. నీటిలో మునిగినవాడు తన్నుకొనును. ఈ వాయువును పీల్చినవాడు తనకేదో అలసట కలిగినదని కూర్చుండును, మరల లేవడు. 1895లో ఈ పరీక్షలను ఆయన ప్రకటించెను.

మరుసటి సంవత్సరమే ఆ జ్ఞానమునకు పని పడెను. 1896 జనవరి 27వ తేదీన వేల్సుదేశమందలి టైలర్స్‌టౌను బొగ్గుగనిలో ప్రేలుడు సంభవించి 57 మంది మరణించిరి. హాల్డేను ఆ చోటికి పోయి మృతదేహములను పరీక్షించెను. ప్రేలుడు దెబ్బకును, మంటకును అందరు చచ్చిరని లోకము తలచుచుండెను. కాని అత్యధికుల రక్తమున కార్బన్ మోనాక్సైడు నిండియుండెను. ప్రేలుడు తప్పించుకొని దారి వెదకుకొనుచున్నవారిని, వెనుకనే వచ్చిన గాలి చంపెనన్నమాట. ఈ నిజము తెలియుటచేత పనివారిని రక్షించు మార్గము కూడ తెలిసెను.

ఆ మార్గము మిక్కిలి చిన్నది. పెద్ద శరీరముకంటె చిన్న శరీరము త్వరత్వరగా ఊపిరి పీల్చును. కావున విషము దానికి ముందుగా ఎక్కును. ఎలుకను గాని, చిన్న పక్షిని గాని వెంట తీసికొనిపోయినచో, మనుష్యునకు ముప్పు రాకమునుపే అది సొమ్మసిల్లి హెచ్చరించునని హాల్డేను బోధించెను. పసుపుపచ్చని కానరీపిట్ట కొమ్మపైనుండి పడుట చీకటిగనిలో దీపపు వెలుగున కూడ స్పష్టముగా కనబడును. ఇంగ్లండులో 1911 నాటి బొగ్గుగనుల చట్టముతో ఇట్టి పక్షులను గనులయందుంచుట విధియైనది. తరువాతి కాలమున, పడిపోయిన పిట్టకు ప్రాణవాయువునిచ్చి తేర్చు పంజరములు కూడ వచ్చెను. వేలాది గనిపనివారు ఆ చిన్న పిట్ట ఋణమున నున్నవారే.

హాల్డేను తన ఇంటివారిని కూడ ఈ వ్రతమునుండి మినహాయింపలేదు. కుమారుడు జాన్ బర్డన్ సాండర్సన్ బాలుడుగా నుండగా వానిని గనిలోనికి తీసికొనిపోయి, పైకప్పున మీథేను వాయువు చేరినచోట నిలువబెట్టి, షేక్స్‌పియరు నాటకమందలి ఒక ప్రసంగమును అప్పజెప్పుమనెను. బాలుడు కొంత చెప్పి కూలబడెను. నేలదగ్గర గాలి బాగుగ నుండుటచే తేరుకొనెను. మీథేను గాలికంటె తేలికయని, అది పైన చేరునని వానికి జీవితాంతము మరువరాని పాఠమైనది. ఇట్టి పాఠమును మేము మా తరగతులలో చెప్పజాలము, చెప్పరాదు కూడ. అయినను తాను నమ్మినదానికి తనవారిని దూరముంచుకొనని తండ్రి నిజాయితీ ఇందు కనబడును.

ఆయన ఇతర సేవలను క్లుప్తముగా చెప్పెదము. సముద్రగర్భమునుండి ఈతగాండ్రు ఎంత మెల్లగా పైకి రావలెనో మేకలపై పరీక్షించి 1908లో సహచరులతో కలిసి పట్టికలు ప్రకటించెను. 1915లో యుద్ధభూమియందు క్లోరిను వాయువు ప్రయోగింపబడినపుడు వెంటనే ఫ్రాన్సుకు పోయి, సైనికుల ప్రాణరక్షణకు ముఖకవచముల నిర్మాణమున పాటుపడెను. ముదిమియందు సహితము పారశీక దేశమునకు, ఇరాకునకు పోయి, చమురు కార్ఖానాలలో వడదెబ్బకు లోనగు పనివారిని గూర్చి విచారించెను. ఆ ప్రయాణమునుండి తిరిగివచ్చిన పిమ్మట 1936 మార్చి నెలలో ఆక్సుఫర్డున కన్నుమూసెను.

బ్రిటిషు గనులలో కానరీల స్థానమున ఎలక్ట్రానిక్ పరికరములను పెట్టుటకు 1986లో నిశ్చయించిరి. అట్టి పరికరమే నేడు గోడకు తగిలించుకొనదగినంత చిన్నదై, విషవాయువు చేరగానే గణగణ మ్రోగుచున్నది. మరి బడిపిల్లల మాటయేమి? చలిదేశములలో పాఠశాలలను వెచ్చపరచుటకు గ్యాసుతో మండు పెద్ద బాయిలర్లు ఉండును. 2012 డిసెంబరు 3వ తేదీన అమెరికాలోని అట్లాంటా నగరమందు ఒక ప్రాథమిక పాఠశాలలో బాయిలరు చెడి, నలువదిమందికి పైగా పిల్లలను ఆసుపత్రికి చేర్చవలసి వచ్చెను. దైవకృపచే ప్రాణములు దక్కెను. ఆ పాఠశాలలో హెచ్చరించు పరికరమొక్కటియు లేదు. ఉండవలెనని ఆ రాష్ట్రమున చట్టమును లేదు. కనెక్టికట్, ఇల్లినాయ్ మొదలగు కొన్ని రాష్ట్రములు మాత్రము పాఠశాలలయందు ఆ పరికరములుండవలెనని శాసించినవి. 2022లో అమెరికా కేంద్రశాసనసభ, ఇట్టి పరికరముల నమర్చుటకు రాష్ట్రములకు ధనసహాయమొసగు చట్టము చేసెను. అందు ప్రభుత్వ పాఠశాలలును చేరినవి.

తలిదండ్రులు ఈ తేదీలను గమనింపవలెను. విషముయొక్క గుట్టు 1895లోనే తెలిసెను. గనులలో పిట్ట ఉండవలెనను విధి 1911లో వచ్చెను. పాఠశాలలకు అట్టి విధియు, దానికి వలయు ధనమును రాష్ట్రమువెంట రాష్ట్రముగా సమకూడుటకు నూరేండ్లకు పైగా పట్టెను. నేటికిని అన్నిచోట్ల సమకూడలేదు. శాస్త్రజ్ఞుడు నిజమును కనుగొనును. కాని ఉండితీరవలెనని పెద్దలు శాసించి, ఖర్చు మేము భరింతుమని ఖజానా తెరచినప్పుడే ఆ నిజము పిల్లవాని ప్రక్కకు వచ్చి కాపలా నిలుచును. ధనము చూపని శాసనము కాగితముపై నిలుచును. శాసనము లేని ధనము వేరొక పనికి పోవును.

మన ప్రాంతమున బాయిలర్లు లేవు. కాని కుంపటి కలదు, గ్యాసు గీజరు కలదు, కరెంటు పోయిన రాత్రి జనరేటరు కలదు. కుంపటితో గది మూసి నిదురింపకుడు. గ్యాసు గీజరును గాలి రాని స్నానపుగదిలో నుంచకుడు. జనరేటరును ఇంటిలోపల, వసారాలో నడుపకుడు. ఇంటిలో అందరికి ఒక్కమారే తలనొప్పి, వాంతి, మైకము కలిగినచో, తినినదానిని అనుమానించుచు కూర్చుండక, మొదట బయటి గాలిలోనికి రండు. పిదప ఆసుపత్రికి పొండు. బడిలో ఏదేని గది గాలియాడక యున్నచో మా దృష్టికి తెండు, అడుగుట తప్పుగాదు.

తండ్రి గనిలో నిలువబెట్టిన ఆ బాలుడు పెరిగి ప్రసిద్ధ జీవశాస్త్రజ్ఞుడయ్యెను. 1957లో భారతదేశమునకు వచ్చి, 1961లో ఇచటి పౌరుడై, 1964 డిసెంబరు 1వ తేదీన భువనేశ్వరమున మరణించెను. మరణానంతరము సహితము తన శరీరము విద్యార్థుల చదువునకు ఉపయోగపడవలెనని వ్రాసిపెట్టగా, దానిని ఒరియా నేలనుండి తెలుగునేలకు, కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకు చేర్చిరి. తండ్రి బ్రదికియుండగనే తన రక్తమును పరీక్షకిచ్చెను. కొడుకు పోయిన పిదప తన దేహమును చదువునకిచ్చెను. రెండు భాషల నడుమ పెరుగుచున్న మన పిల్లలకు ఈ తండ్రికొడుకుల కథ పరదేశపు కథ కాదు.