బార్డోలీ రైతులకు పటేల్ ఇచ్చిన వారం గడువు

సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ అనగానే తెలుగువాళ్లకు 1948 సెప్టెంబరు, హైదరాబాద్ పోలీసు చర్య గుర్తొస్తాయి. మాట తక్కువ, పట్టు ఎక్కువ ఉన్న మనిషిగానే ఆయన మనకు పరిచయం. అయితే ఆయనకు సర్దార్ అన్న పేరు తెచ్చింది సూరత్ జిల్లాలోని బార్డోలీ. అక్కడ కనిపించే పటేల్ వేరు. పోరాటానికి తొందరపడుతున్న వాళ్లను కూడా ఆపి, మరోసారి ఆలోచించుకోమన్న మనిషి.

1875లో నడియాద్‌లో పుట్టిన పటేల్ తానూ తేలిగ్గా మారలేదు. లండన్‌లో బారిస్టరీ చదివి 1913లో తిరిగొచ్చి, అహ్మదాబాద్‌లో పేరున్న లాయరుగా స్థిరపడ్డారు. తీరిక వేళల్లో గుజరాత్ క్లబ్బులో బ్రిడ్జి ఆడేవారు. 1915లో గాంధీ అదే నగరంలో ఆశ్రమం పెడితే మొదట్లో ఎగతాళి చేశారు. 1918 ఖేడా సత్యాగ్రహం కోసం ప్రాక్టీసు పక్కనపెట్టి ఊళ్లు తిరిగారు. సహాయ నిరాకరణ రోజుల్లో కోర్టును పూర్తిగా వదిలేశారు. ఆదాయం, హోదా, అలవాట్లు వదులుకోవడానికి ఆయనకే కొన్నేళ్లు పట్టింది. ఎదుటివారి ఊగిసలాటను పిరికితనంగా చూడకపోవడానికి ఆ అనుభవం తోడ్పడి ఉండవచ్చు.

బార్డోలీ రైతుల ఊగిసలాటకు కారణాలున్నాయి. 1922లో సామూహిక శాసనోల్లంఘనకు ఆ తాలూకానే సిద్ధం చేశారు. చౌరీచౌరా ఘటన తర్వాత గాంధీ దాన్ని ఆపేశారు. మన గుంటూరు జిల్లా పెదనందిపాడులో పన్నుల నిరాకరణ ఆగిపోయిందీ ఆ నెలలోనే. అయిదేళ్లకు, 1927లో, బొంబాయి ప్రభుత్వం బార్డోలీ భూమిశిస్తును సుమారు 22 శాతం పెంచింది. కడితే బతుకు భారం. కట్టకపోతే భూమే పోవచ్చు.

1928 ఫిబ్రవరి 4న పటేల్ బార్డోలీ వచ్చి ఊళ్ల ప్రతినిధులను కలిశారు. ఎవరేమనుకుంటున్నారో అడిగి తెలుసుకున్నారు. చాలామంది శిస్తు మొత్తం ఆపేద్దామన్నారు. కొందరు పాత శిస్తు కట్టి, పెంపును మాత్రమే నిరాకరిద్దామన్నారు. జప్తులు, జైళ్లు, భూముల వేలం ఏవీ దాచకుండా ఆయన ముందే విడమరిచి చెప్పారు. వారం రోజులు ఆలోచించుకోమన్నారు. ఈలోగా నిష్పాక్షిక విచారణ కోరుతూ గవర్నరుకు లేఖ రాశారు. 12న తిరిగొచ్చి, రాబోయే కష్టాలను మళ్లీ గుర్తుచేశారు. ఆ తర్వాతే రైతులు శిస్తు నిరాకరణ తీర్మానం చేశారు.

మద్యం మానాలా వద్దా అని తేల్చుకోలేని వారి కోసం అమెరికా సైకాలజిస్టు విలియం మిల్లర్ 1983లో ఒక పద్ధతిని వివరించారు. దాని పేరు మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్. సలహా ఇచ్చేవారు మార్పు కోసం ఎంత వాదిస్తే, అవతలి మనిషి అంతగా ఎదురు తిరుగుతాడు. మారడానికి కారణాలు అతని నోటి నుంచే రావాలన్నది దాని సారం. యాభై అయిదేళ్ల ముందు బార్డోలీలో పటేల్ చేసింది దీనికి దగ్గరగానే ఉంది.

తేడా కూడా ఉంది. కౌన్సెలింగ్ గదిలో నిర్ణయం ఒక్కరిది. బార్డోలీలో ఊరి ఒత్తిడి, కులం కట్టుబాటు, వెలివేత భయం కూడా పనిచేశాయి. వాలోడ్‌లో ఇద్దరు వ్యాపారులు లోపాయికారీగా శిస్తు చెల్లించారని తెలిసి ఊరు మండిపడింది. పటేల్ ఆ కోపాన్ని చల్లార్చాల్సి వచ్చింది.

ఆరు నెలలు జప్తులు సాగాయి. పశువులను ఎత్తుకుపోకుండా రైతులు వాటిని ఇళ్లలోనే కట్టేసి తలుపులు వేసుకున్నారు. ఆగస్టులో ప్రభుత్వం రాజీకొచ్చి విచారణకు ఒప్పుకుంది. 1922లో గాంధీకి శిక్ష వేసిన జడ్జి బ్రూమ్‌ఫీల్డ్, రెవెన్యూ అధికారి మాక్స్‌వెల్ కలిసి విచారించి, పెంపు 6.03 శాతానికి మించకూడదని తేల్చారు.

ఈ గెలుపు ప్రధానంగా భూమి ఉన్నవాళ్లది. వాళ్ల పొలాల్లో తరతరాలుగా పాలేర్లుగా బతుకుతున్న దుబ్లా ఆదివాసీల వెట్టి అలాగే మిగిలింది. వారం గడువు పెట్టి అభిప్రాయం అడిగింది రైతులనే గాని వాళ్లను కాదు. పటేల్ ఓపికగా విన్న మాట వాస్తవం. ఆ ఓపిక ఎవరి దాకా చేరలేదన్నదీ ఆ చరిత్రలో భాగమే.